నాగావళి, వంశధార, చంపావతి మొగల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి సెలవులు రాగానే, తుఫాను హెచ్చరిక పడగానే, పిల్లలకి స్కూల్లో ప్రాజెక్టు ఇవ్వగానే అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే అది చదువుకోండి, ఏ జవాబుకి ఆ జవాబే పూర్తిగా ఉంటుంది. మొగ అంటే నది సముద్రంలో కలిసే చోటు. మన ఒడ్డు ఊళ్లలో అందరూ అనే మాటే కాబట్టి అదే వాడాను.

## బయల్దేరే ముందు

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ నది ఎక్కడ సముద్రంలో కలుస్తుంది?

వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి శ్రీకాకుళం పట్నానికి దిగువన కల్లేపల్లి దగ్గర, మహేంద్రతనయ సోంపేట మండలం బారువ దగ్గర కలుస్తాయి. విజయనగరం వైపు చంపావతి పూసపాటిరేగ మండలం కోనాడ దగ్గర కలుస్తుంది. గోస్తనిని కూడా కలిపి అడుగుతుంటారు, కానీ దాని మొగ భీమిలిలో, అంటే విశాఖ జిల్లాలో ఉంది. ఈ నదుల మధ్యలో చిన్న గెడ్డలు, అంటే వాగులు కూడా సముద్రంలోకి పోతాయి, వాటిలో చాలావాటికి వానాకాలం తప్ప మిగతా రోజుల్లో నోరు మూసుకుపోయే ఉంటుంది.

మహేంద్రతనయ వంశధారలో కలుస్తుందని పుస్తకంలో ఉంది, బారువలో సముద్రంలో కలుస్తుందని మీరంటున్నారు. ఏది నిజం?

రెండూ నిజమే. ఆ పేరుతో రెండు నదులున్నాయి. రెండూ ఒడిశాలోని మహేంద్రగిరి కొండల వైపు నుంచే వస్తాయి. ఒకటి వంశధారలో కలిసిపోతుంది, ఇంకొకటి తన దారిన తాను బారువ చేరుతుంది. పోటీ పరీక్షలకి చదివేవాళ్లు దీని దగ్గర తరచూ తడబడతారు.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

ఏం చూడాలనుకుంటున్నారో దాన్నిబట్టి. నది బలం చూడాలంటే ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, కానీ దూరం నుంచే చూడాలి, అక్టోబరు తుఫానుల నెల కూడా. ఇసుక తిన్నెలు, పక్షులు, పోటుపాట్ల (సముద్రపు నీరు ఎక్కడం, దిగడం) తేడా చూడాలంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ సంగతి మీకు తెలిసిందే, పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం ఉంటుంది కాబట్టి రేవుల దగ్గర సందడి తక్కువ. నన్నడిగితే మాత్రం ఒకే చోటికి రెండుసార్లు వెళ్లండి, ఒకసారి వరద తగ్గగానే, ఇంకోసారి మార్చిలో. ఒకే మొగ రెండు వేర్వేరు ఊళ్లవేమో అన్నంత మారిపోయి కనిపిస్తుంది.

కళింగపట్నం వెళ్తే చుట్టుపక్కల ఇంకేం చూడొచ్చు?

శాలిహుండం తప్పకుండా చూడండి. వంశధార దక్షిణపు ఒడ్డున కొండ మీద ఉన్న బౌద్ధ క్షేత్రం అది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో దాన్ని వెలుగులోకి తెచ్చారు. కొండెక్కి నిలబడితే నది సముద్రం వైపు తిరిగే తీరు కనిపిస్తుంది. పడవల మీద వచ్చేవాళ్లకి ఈ చోటు ఎందుకు పనికొచ్చిందో అక్కడ నిలబడితే ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. కళింగపట్నం ఒకప్పటి ఓడరేవు, లైట్‌హౌస్ ఇప్పటికీ ఉంది. నాగావళి వైపు వెళ్తే కల్లేపల్లిలో మణినాగేశ్వర ఆలయం. బలరాముడు నాగావళి వెంట ప్రతిష్ఠించాడని చెప్పుకునే అయిదు శివలింగాల్లో సముద్రానికి దగ్గరగా ఉన్నది ఇదే.

## అక్కడ నిలబడ్డాక

ఫోన్ మ్యాప్‌లో చూపించిన చోటికి వెళ్తే నది లేదు, అంతా ఇసుకే. దారి తప్పామా?

తప్పలేదు. మొగే జరిగింది. ఎక్కువమంది అడిగేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

మన తీరానికి అలలు నేరుగా వచ్చి తగలవు, ఏటవాలుగా తగులుతాయి. దాదాపు మార్చి నుంచి అక్టోబరు దాకా అలలు దక్షిణం వైపు నుంచి వస్తాయి, అందుకని ఇసుక గట్టు వెంబడే ఉత్తరానికి నడుస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య గాలి వల్ల కొంత ఇసుక వెనక్కి, అంటే దక్షిణానికి వస్తుంది. ఏడాది మొత్తం మీద లెక్కేస్తే ఉత్తరానికి వెళ్లేదే ఎక్కువ. ఈ ఇసుక నడక మధ్యలో నది అడ్డం వస్తుంది. వానాకాలంలో నది బలంగా ఉంటుంది కాబట్టి ఇసుకను తోసేసి నేరుగా సముద్రంలోకి దూకుతుంది. నీరు తగ్గాక ఆ బలం ఉండదు. అప్పుడు దక్షిణపు గట్టు నుంచి ఇసుక తిన్నె సన్నగా, పొడుగ్గా పెరుగుతూ నది నోటికి అడ్డంగా వస్తుంది. నది దానికి దారిచ్చి పక్కకి తిరుగుతుంది, తీరం వెంబడే కొంత దూరం పారి, తిన్నె ఎక్కడ అయిపోయిందో అక్కడ కలుస్తుంది. ఎండలు ముదిరేసరికి చిన్న నదులకైతే ఆ దారి కూడా పూడుకుపోయి నీరు మడుగులా నిలిచిపోతుంది. మళ్లీ పెద్ద వరద వచ్చినప్పుడు ఆ తిన్నెను ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తెంచుకుని పోతుంది. అది పాత చోటే కావాలని లేదు.

కాబట్టి మ్యాప్‌లో ఉన్నది ఆ ఫొటో తీసిన రోజునాటి మొగ. ఊళ్లోకి వెళ్లి "మొగ ఇప్పుడెక్కడుందండీ" అని అడగండి, వేటకెళ్లే ఎవరైనా చెప్తారు.

సాయంత్రం చూస్తే నది వెనక్కి, ఊరి వైపు పారుతోంది. ఇదెలా సాధ్యం?

పోటు వచ్చింది. సముద్ర మట్టం పెరిగి నది మట్టం కంటే ఎత్తైనప్పుడు నీరు లోపలికి వస్తుంది. వానాకాలంలో నది ఉధృతంగా ఉన్నప్పుడు ఇది కంటికి కనిపించదు, శీతాకాలం నుంచి మాత్రం తేలికగా తెలుస్తుంది. ఒక ఎండుటాకు నీళ్లలో వేసి అయిదు నిమిషాలు చూడండి, ఎటు పోతుందో తెలిసిపోతుంది. పోటు నుంచి పాటుకు మారే వేళ ఆ ఆకు కాసేపు ఉన్నచోటే తిరుగుతూ ఉంటుంది.

పోటు రోజూ ఒకే టైముకి ఎందుకు రాదు? టైము ఎలా తెలుసుకోవాలి?

మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కాబట్టి రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఇవాళ ఉదయం 9కి పోటైతే రేపు 10కి కాస్త ముందు అన్నమాట. చంద్రుడు రోజూ అంతే ఆలస్యంగా వస్తాడు, సంగతంతా అక్కడే ఉంది. అమావాస్యకి, పున్నమికి ఒకటి రెండు రోజుల అటూఇటూగా పోటు పెద్దగా ఉంటుంది, అష్టమి ప్రాంతంలో మందంగా ఉంటుంది. ఇంట్లో తెలుగు క్యాలెండరు ఉంటే తిథి చూసుకుంటే చాలు, పెద్ద పోటు రోజో కాదో తెలుస్తుంది. కచ్చితమైన టైముకి విశాఖ రేవు పోటు పట్టిక చూసుకోవచ్చు. అయితే మొగ ఇరుకుగా ఉంటే నదిలోకి పోటు కొంచెం ఆలస్యంగా అందుతుంది.

గుజరాత్ తీరంలో నీరు మైళ్ల కొద్దీ వెనక్కి పోతుందట, మన దగ్గర అంత తేడా ఎందుకు లేదు?

మన దగ్గర పెద్ద పోటుకీ పాటుకీ మధ్య తేడా సుమారు మీటరున్నర, అంతకంటే పెద్దగా ఉండదు. ఖంభాత్ సింధుశాఖ గరాటులా లోపలికి ఇరుకవుతూ పోతుంది కాబట్టి అక్కడ నీరు ఎత్తుగా లేస్తుంది. మన తీరం దాదాపు తిన్నగా ఉంటుంది. అందుకే ఇక్కడ మొగను తీర్చిదిద్దేది ముఖ్యంగా అలలూ వరదలూ.

నీటి మీద గీత గీసినట్టు రంగు మారిపోయింది, ఆ గీత వెంబడి నురగ, చెత్త. కాలుష్యమా?

చాలాసార్లు కాదు. నది నీరు తేలిక, సముద్రపు నీరు బరువు. రెండూ ఎదురైన చోట వెంటనే కలిసిపోవు. ఒకదాన్నొకటి నెట్టుకునే ఆ హద్దు దగ్గర పైన తేలే ఆకులు, గుర్రపుడెక్క ముక్కలు, నురగ అన్నీ పోగుపడతాయి. ఇటువైపు ఎర్రమట్టి రంగు, అటువైపు ఆకుపచ్చ. గద్దలు, సముద్రపు కాకులు ఆ గీత మీదే ఎగురుతుంటే గమనించండి, చిన్న చేపలు అక్కడే గుమిగూడతాయని వాటికి తెలుసు. వాసన వస్తున్నా, నూనె తెట్టు ఉన్నా మాత్రం అది వేరే సంగతి.

ఒడ్డున ఇసుక నల్లగా, అక్కడక్కడా ఎర్రగా ఉంది. ఏదైనా ఫ్యాక్టరీ వల్లా?

కాదు, అది మన తూర్పు కనుమల రాయి. ఖొండలైటు, చార్నొకైటు రాళ్లు అరిగి నదుల వెంట కొట్టుకొచ్చాయి. నల్లగా ఉండేది ఎక్కువగా ఇల్మెనైటు, ఎర్రగా ఉండేది గార్నెట్. ఇవి మామూలు ఇసుక కంటే బరువు, అందుకని అల వెనక్కి పోయేటప్పుడు తెల్ల ఇసుకను లాక్కెళ్లి వీటిని వదిలేస్తుంది. ఒక గుప్పెడు అరచేతిలో వేసుకుని ఎండలో చూడండి, గార్నెట్ గింజలు దానిమ్మ రంగులో మెరుస్తాయి. గట్టుకి అడ్డంగా వరద కోసిన చోట ఒక పొర నల్లగా, ఒక పొర తెల్లగా, మళ్లీ నల్లగా కనిపిస్తుంది. సముద్రం అల్లకల్లోలంగా ఉన్న రోజుల గుర్తులే ఆ నల్ల పొరలు. ఈ ఖనిజాలకి విలువ ఉంది కాబట్టే మన తీరంలో ఇసుక తవ్వకాల గురించి అంత గొడవ నడుస్తుంటుంది.

ఒడ్డంతా ఇసుకే కదా, మొగ లోపలికి వెళ్తే కాలు దిగబడే బురద ఎక్కడిది?

నది తెచ్చే ఒండ్రులో బాగా సన్నని రేణువులుంటాయి. మంచినీళ్లలో అవి ఒకదానికొకటి అంటుకోకుండా తేలుతూ వస్తాయి. ఉప్పు తగలగానే ఒకదానికొకటి అంటుకుని ముద్దలై కిందికి దిగిపోతాయి. అలలు తగలని మూలల్లో అదంతా పేరుకుపోతుంది. పీతలకీ, పురుగులకీ, వాటిని తినే కొంగలకీ ఆ బురదే అన్నం. మనుషులకి మాత్రం ప్రమాదం, మోకాలి దాకా దిగితే ఒంటరిగా బయటికి రావడం కష్టం. పక్కన మనిషి లేకుండా దిగొద్దు.

పిల్లలతో మొగ దగ్గర స్నానం చేయొచ్చా? నీళ్లు ప్రశాంతంగానే కనిపిస్తున్నాయి.

వద్దు. ఈ ఒక్క ప్రశ్నకి నా దగ్గర వేరే జవాబు లేదు. పాటు మొదలైనప్పుడు లోపల నిండిన నీరంతా ఆ ఇరుకు సందులోంచే సముద్రంలోకి లాగుతుంది. పైకి అల కూడా ఉండదు కాబట్టే ప్రశాంతంగా అనిపిస్తుంది, కింద మాత్రం ఈతగాడిని కూడా నిలవనివ్వని లాగుడు ఉంటుంది. నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ నిలువులోతు ఉండొచ్చు. ఇసుక తిన్నె అంచు కూడా నమ్మకూడదు, కింద నీరు కోసేస్తూ ఉంటుంది, పైన నిలబడి ఫొటో తీసుకుంటుంటే పెళ్లగా విరిగి పడుతుంది. కార్తీక మాసంలో సముద్ర స్నానానికి వెళ్లేవాళ్లు మొగకి బాగా దూరంగా, నలుగురూ ఉన్న చోట, ఊరివాళ్లు చూపించిన చోటే దిగండి.

## వానలు, వరదలు, తుఫాన్లు

ఇక్కడ చినుకు లేదు, నదికి వరదెలా వచ్చింది?

వాన పడింది ఒడిశాలో. నాగావళి, వంశధార రెండూ కలహండి, రాయగడ జిల్లాల కొండల్లో పుట్టి, ఒక్కోటీ సుమారు 250 కిలోమీటర్లు ప్రయాణించి మన దగ్గరికొస్తాయి. అక్కడ కొండల మీద గట్టి వాన పడితే నీరు వేగంగా దిగుతుంది. కాబట్టి మొగ దగ్గర ఉండేవాళ్లు ఆకాశం చూసి లాభం లేదు, వంశధారకైతే హిరమండలం గొట్టా బ్యారేజీ నుంచి, నాగావళికైతే తోటపల్లి నుంచి ఎంత నీరు వదులుతున్నారో ఆ కబురు వినాలి. చంపావతి సంగతి వేరు, అది విజయనగరం జిల్లాలోనే మెంటాడ మండలం ఆండ్ర వైపు కొండల్లో పుడుతుంది కాబట్టి మన వానకే పొంగుతుంది.

వరద నీరు సముద్రంలోకి పోకుండా పొలాల మీద ఎందుకు నిలిచిపోతుంది? సముద్రం పక్కనే కదా?

మూడు కారణాలు ఒకేసారి కలిసొస్తే అలా అవుతుంది. మొగ ఇసుకతో ఇరుకై ఉండడం, అదే సమయానికి అమావాస్య పోటో పున్నమి పోటో ఉండడం, తుఫాను గాలికి సముద్రం గట్టు వైపు ఎగదన్నడం. అప్పుడు నదికి బయటికి పోయే దారి ఉండదు, వెనక్కి తన్నుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటినప్పుడు గాలి కొబ్బరి, జీడి తోటల్ని పడగొడితే, ఒడిశాలో కురిసిన వాన వంశధారలో వరదై వెనకే వచ్చింది. గాలి తగ్గిందని ఊపిరి పీల్చుకున్నాక నీరు వచ్చింది. తుఫాను పోయాక మరో రెండు రోజులు నది ఒడ్డు వదిలి ఉండమనేది అందుకే.

మత్స్యకారులు ఇసుక తిన్నెకి కాలువ కొట్టి మొగ తెరుస్తారు. అది మంచిదేనా?

అవసరమైనప్పుడు మంచిదే. లోపల నీరు మురిగిపోతున్నా, పడవలు బయటికి వెళ్లలేకపోతున్నా, వరద వస్తోందని తెలిసినా సన్నగా ఒక దారి చేస్తే చాలు, నీరే దాన్ని వెడల్పు చేసుకుంటుంది. లోపలి నీరు ఎత్తుగా ఉండి, సముద్రం పాటు మీద ఉన్నప్పుడు కొట్టాలి, అది వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ యంత్రాలు పెట్టి తిన్నె మొత్తం ఎత్తేయడం నాకు నచ్చని పని. తుఫాను అలకి ఊరికి అడ్డుగా ఉండేది ఆ తిన్నే.

## చేపలు, పక్షులు, తాబేళ్లు

ఉప్పునీటి చేపలు నదిలోకి ఎందుకొస్తాయి?

పిల్లల కోసం. రొయ్యలు చాలా రకాలు సముద్రంలో గుడ్లు పెడతాయి, పిల్లలు పోటుతో పాటు మొగలోకి వచ్చి, తిండి ఎక్కువా శత్రువులు తక్కువా ఉన్న ఈ నీళ్లలో పెరిగి, మళ్లీ సముద్రానికి పోతాయి. మండపీత కూడా అంతే, ఆడపీత గుడ్లు వదలడానికి సముద్రం వైపు వెళ్తుంది. పండుగొప్పది ఇంకో విచిత్రం, మొదట మగదిగా పెరిగి, పెద్దయ్యాక ఆడదిగా మారుతుంది, నదిలో తిరిగి గుడ్లకి మొగ దగ్గరికి చేరుతుంది. మొగ పూడుకుపోయిన ఏడాది లోపల వలకి చేప తక్కువ పడుతుందంటే అందుకే. దోమతెర వలలతో ఈ పిల్లల్ని ఎత్తేస్తే వచ్చే ఏడాది సముద్రంలో రొయ్య ఎక్కడినుంచి వస్తుంది?

టెక్కలి దగ్గరున్న తేలినీలాపురం పక్షులు నిజంగా సైబీరియా నుంచే వస్తాయా?

బోర్డుల మీద, వార్తల్లో అలాగే రాస్తుంటారు. కానీ అక్కడ చింతచెట్ల మీద గూళ్లు పెట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు రెండూ దక్షిణాసియా పక్షులే, సైబీరియాలో ఇవి గూళ్లు కట్టవు. శీతాకాలంలో ఉత్తరాది నుంచి మన తీరానికి వచ్చే పక్షులు వేరే ఉన్నాయి, ముఖ్యంగా బురదలో పొడుచుకు తినే చిన్న ఉల్లంకిపిట్టలు, బాతులు. తేలినీలాపురం పక్షులు ఆ ఊరిని ఎంచుకోవడానికి కారణం పక్కనే ఉన్న నౌపడ పర్ర, అంటే పోటునీరు ఎక్కి దిగే లోతట్టు చిత్తడి. పిల్లలకి కావలసిన చేప అక్కడ దొరుకుతుంది. ఊళ్లో జనం వాటిని తరతరాలుగా ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటున్నారు, చెట్టు కింద రెట్ట కంపు భరిస్తూ కూడా. పర్ర బాగుంటేనే ఆ గూళ్లు ఉంటాయి.

జనవరిలో ఒడ్డున చచ్చిన తాబేళ్లు కనిపించాయి. ఎందుకు?

అవి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు. జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికి వస్తాయి, మొగల పక్కన ఉన్న తిన్నెలంటే వాటికి ఇష్టం. ఊపిరి కోసం నీటి పైకి రావాలి కాబట్టి పెద్ద వలల్లో చిక్కితే ఊపిరాడక చనిపోతాయి. రాత్రి ఒడ్డుకి వెళ్తే టార్చి వేయకండి, వెలుగుకి తల్లి వెనక్కి పోతుంది. గూడు కనిపిస్తే గుడ్లు ముట్టుకోకుండా అటవీశాఖ వాళ్లకి చెప్పండి. పిల్లలు రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది.

## ఒడ్డు ఊళ్లలో ఉండేవాళ్లకి

మా బావి నీరు ఈ మధ్య ఉప్పగా మారింది. సముద్రం లోపలికొచ్చేసిందా?

ఒక రకంగా అంతే. తీరంలో భూమి కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మోటుగా చెప్పాలంటే సముద్ర మట్టం కంటే మంచినీరు ఒక మీటరు ఎత్తున్న చోట, కింద సుమారు 40 మీటర్ల మంచినీరు నిలుస్తుంది. తిరగేసి చూడండి, బోర్లతో తోడి ఆ ఎత్తు ఒక్క మీటరు తగ్గిస్తే కింద నుంచి ఉప్పు 40 మీటర్లు పైకి వస్తుంది. అందుకే మొగ దగ్గర ఊళ్లలో లోతు బోరు వేస్తే కష్టం పెరుగుతుంది. పెద్ద నోరున్న తక్కువ లోతు బావి, కొంచెం కొంచెంగా తోడుకోవడం మేలు. నదిలో ఇసుక తవ్వేసినా ఇదే ఫలితం, నది అడుగు కిందికి పోయిన కొద్దీ పోటునీరు ఇంకా పైదాకా ఎక్కుతుంది.

మొగ పక్కన స్థలం అమ్ముతున్నారు, కొనొచ్చా?

ముందు తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) పటం చూడండి. 2019 నోటిఫికేషన్ ప్రకారం సముద్రం ఒడ్డున పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా ఆ నిబంధనలు వర్తిస్తాయి, పోటు ఎక్కే నదుల వెంట 50 మీటర్లు లేదా ఆ నది వెడల్పు, ఏది తక్కువైతే అది. నదిలో ఎంత పైదాకా అంటే, బాగా ఎండిన కాలంలో నీటిలో ఉప్పు వెయ్యికి 5 వంతులు ఉండే చోటు దాకా. ఇక నా మాట: పత్రాలన్నీ సరిగ్గా ఉన్నా సరే, ఆ స్థలం గత ముప్పయ్యేళ్లలో ఎప్పుడైనా నీరుగా ఉందేమో ఊళ్లో పెద్దవాళ్లని అడిగి అప్పుడు అడ్వాన్సు ఇవ్వండి.

శ్రీకాకుళం జిల్లాలో మూలపేట పోర్టు వస్తే పక్క ఊళ్ల ఒడ్డుకి ఏమవుతుంది?

సముద్రంలోకి రాతిగోడ కడితే ఉత్తరానికి నడిచే ఇసుక దాని దక్షిణం వైపు ఆగి అక్కడ బీచ్ పెరుగుతుంది, ఉత్తరం వైపు ఇసుక అందక ఒడ్డు కోసుకుపోతుంది. మద్రాసులో రేవు కట్టాక మెరీనా వెడల్పైంది, ఉత్తరాన రాయపురం వైపు కోత పడింది. విశాఖలో అందుకే దక్షిణాన ఆగిన ఇసుకను డ్రెడ్జర్‌తో తీసి ఉత్తరం బీచ్‌లో పోస్తుంటారు. మూలపేటలో కూడా ఆ ఇసుకను అటు నుంచి ఇటు వేసే ఏర్పాటు మొదటి రోజు నుంచీ ఉండాలి. ఉత్తరం వైపు ఊళ్లవాళ్లు ఏటా ఒకే తేదీన, ఒకే చెట్టు నుంచి నీటి అంచుకి దూరం టేపుతో కొలిచి ఫొటోతో సహా రాసిపెట్టుకుంటే, రేపు అధికారుల ముందు కూర్చున్నప్పుడు చేతిలో రుజువు ఉంటుంది.

## స్కూలు, కాలేజీ ప్రాజెక్టులకి

మొగ జరిగిందని ఇంట్లో కూర్చుని ఎలా చూపించాలి?

గూగుల్ ఎర్త్ ప్రో కంప్యూటర్‌లో వేసుకుంటే పాత ఉపగ్రహ చిత్రాలు ఏళ్ల వారీగా చూపించే మీట ఉంటుంది. కళింగపట్నమో కోనాడో తెరిచి, ఒకే నెలలో తీసిన చిత్రాలు ఎంచుకోండి, లేకపోతే వానాకాలానికీ వేసవికీ పోల్చి తప్పు లెక్క వేస్తారు. జరగని గుర్తు ఒకటి పెట్టుకోండి, కళింగపట్నంలో అయితే లైట్‌హౌస్ ఉండనే ఉంది. అక్కడి నుంచి మొగ మధ్యకి దూరం కొలిచి పట్టిక వేయండి. ఏ ఏడాది ఒక్కసారిగా గెంతిందో చూసి, ఆ ముందు వానాకాలంలో వరద వచ్చిందా అని వెతకండి.

నీటిలో ఉప్పు ఎంతుందో పరికరం లేకుండా కొలవొచ్చా?

ఉజ్జాయింపుగా కొలవొచ్చు. ఒక లీటరు నీటిని గుడ్డతో వడగట్టి, ముందే తూచిన స్టీలు గిన్నెలో నీరంతా ఇగిరేదాకా మరిగించి, గిన్నె చల్లారాక మళ్లీ తూచండి. నడిసముద్రపు నీరైతే సుమారు 35 గ్రాములు మిగులుతుంది, బంగాళాఖాతంలో వానాకాలం తర్వాత అంతకంటే తక్కువే వస్తుంది, నదులు అంత నీరు పోస్తాయి మరి. మొగ దగ్గర, ఒక కిలోమీటరు లోపల, మూడు కిలోమీటర్ల లోపల మూడు సీసాలు నింపండి. వీలైతే పడవ వాళ్ల సాయంతో ఒకే చోట పైనుంచి ఒక సీసా, అడుగు నుంచి ఒక సీసా తీసుకోండి. పైన చప్పగా, అడుగున ఉప్పగా తేలితే బరువు నీరు కిందనుంచి ఎక్కుతోందని మీ చేత్తో మీరే చూపించినట్టు. సీసా మీద తేదీ, టైము, తిథి, పోటా పాటా అన్నది రాయడం మర్చిపోవద్దు.